మిన్నెసోటా పెరట్లో పచ్చిరొట్ట: ఏ మడికి ఏ విత్తనం, ఎప్పుడు

మినియాపోలిస్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళందరిదీ ఒకటే బాధ, మట్టి. ఇళ్ళు కట్టేటప్పుడు పైనున్న నల్లమట్టంతా గీకేస్తారు, నెలల తరబడి బండ్లు తిరిగి తిరిగి కింద బంకమట్టి దిమ్మిస కొట్టినట్టు అయిపోతుంది, చివర్లో దాని మీద ఓ నాలుగైదు అంగుళాల మట్టి పరిచి గడ్డి చాపలు వేసి తాళాలు చేతిలో పెడతారు. ఆ గడ్డి లేపేసి వంగ, టమాటా పెట్టుకుంటే ఏదో కాస్తుంది గానీ వాన పడితే నీళ్ళు దిగవు, నాలుగు రోజులు ఎండ కాస్తే నెర్రెలు.

దీనికి అందరం చేసేది ఏంటంటే మే నెలలో కారు డిక్కీ నిండా కంపోస్ట్ బస్తాలు తెచ్చి పొయ్యడం. మంచిదే, నేనూ పోస్తా. కానీ పైన పోసింది పైనే ఉంటుందండి, కింద గట్టి పొరలోకి దాన్ని తీసుకెళ్ళేది ఎవరు? పైగా పశువుల ఎరువుతో చేసిన కంపోస్ట్ ఏటా పోస్తుంటే ఫాస్ఫరస్ పేరుకుపోతుంది. ఇక్కడ చాలాచోట్ల మట్టిలో అది ముందే ఎక్కువ, అందుకే లాన్లకి వేసే ఎరువుల్లో ఫాస్ఫరస్ మీద రాష్ట్రం మొత్తం 2005 నుంచి ఆంక్షలున్నాయి. ఇంకోటి, అక్టోబర్ నుంచి ఏప్రిల్ చివరి దాకా, అంటే ఏడాదిలో సగానికి పైనే, ఆ మడి బోసిగా పడి ఉంటుంది. వేరు అన్నది లేని మట్టి, మంచు కరిగేటప్పుడు పైపొర నీళ్ళతో పాటు కొట్టుకుపోయే మట్టి. నాకు అసలు బాధ అదే.

మాది తెనాలి వైపు. పచ్చిరొట్ట అంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లడం, పూతకొచ్చే టైముకి కలియదున్నెయ్యడం, నీళ్ళు పెట్టి దమ్ము చేసి నాట్లేసెయ్యడం. అక్కడ ఎండకి, నీళ్ళకి ఆ రొట్ట ఇట్టే కుళ్ళిపోతుంది. ఇక్కడ అదే పని చెయ్యాలంటే లెక్క మొత్తం మారిపోతుంది, ఎందుకంటే మట్టి చల్లగా ఉన్నప్పుడు అందులో సూక్ష్మజీవులు దాదాపు పడుకునే ఉంటాయి, నవంబర్‌లో మట్టిలో కలిపిన ఆకు ఏప్రిల్‌లో తవ్వితే ఇంచుమించు అలాగే కనబడుతుంది. మా వైపు, అంటే రాష్ట్రం దక్షిణ భాగంలో, ఇంటి పునాది 42 అంగుళాల లోతుకి వెయ్యాలని బిల్డింగ్ కోడ్‌లో ఉంటుంది, ఉత్తరాన అయితే 60 అంగుళాలు, అంత లోతు దాకా నేల గడ్డకట్టొచ్చని. అలాంటి చోట ఏ మొక్క బతుకుతుంది, ఏది చస్తుంది, చచ్చింది ఎప్పుడు కుళ్ళుతుంది, ఈ మూడూ తెలిస్తే చాలు.

నెట్‌లో చదివితే ఫలానా విత్తనం బెస్ట్ అని పెద్ద పెద్ద చార్టులుంటాయి. నేను చెప్పేది ఒక్కటే, ముందు విత్తనం ఎంచుకోవద్దు, ముందు మడి చూడండి. ఆ మడి ఎప్పుడు ఖాళీ అవుతుంది, వచ్చే ఏడాది అందులో నారు నాటుతారా గింజ చల్లుతారా, ఈ రెండు ప్రశ్నలకి జవాబు వస్తే విత్తనం దానంతట అదే తేలిపోతుంది.

ఇందులో మనవాళ్ళకి మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ఇక్కడి అమెరికన్ గార్డెన్ పుస్తకాల్లో పచ్చిరొట్ట విత్తనాలు ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ మొదటివారం లోపు చల్లుకోమంటారు. వాళ్ళకి అప్పటికి బఠాణీ, లెట్యూస్, బంగాళాదుంప అన్నీ అయిపోయి మడులు ఖాళీగా ఉంటాయి. మన సంగతి అలా కాదుగా, జూన్ మొదట్లో పెట్టిన సొర, బీర, కాకర పాదులు సరిగ్గా ఆగస్టు చివర్లోనే పందిరెక్కి కాయడం మొదలెడతాయి, గోంగూర అప్పుడే దుబ్బు కట్టి ఉంటుంది, పచ్చిమిర్చి విరగకాస్తుంటుంది. అక్టోబర్ మొదట్లో మంచు కాటు పడేదాకా ఒక్క కాయ కూడా వదులుకోం. అప్పుడు పాదు పీకెయ్యమంటే ఎవరు వింటారు, నేనైతే వినను. అందుకే చాలామంది పచ్చిరొట్ట ఇక్కడ మనకి కుదరదులే అని వదిలేస్తారు. కుదురుతుంది, మడి మడికీ వేరేగా చేస్తే.

ముందు రై గురించి చెప్తా, ఎందుకంటే ఆలస్యమైనా పర్వాలేదు అనే విత్తనం ఇదొక్కటే. వింటర్ రై అని అడగాలి, గోధుమ లాంటి ధాన్యం ఇది. షాపులో రైగ్రాస్ అని పెట్టి అమ్మేది వేరే గడ్డి, తొందరలో అది తెచ్చుకోకండి. రై గింజ మట్టి 34 డిగ్రీలు ఉన్నా మొలుస్తుంది, అంటే నీళ్ళు గడ్డకట్టడానికి రెండు డిగ్రీలు పైన అన్నమాట, నేను చెప్పేవన్నీ ఫారన్‌హీటే. చలికి తట్టుకోవడం అంటారా, మైనస్ 30 దాకా తట్టుకుంటుందని లెక్క. 2019 జనవరి 30న ఇక్కడ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 28 పడింది, స్కూళ్ళన్నీ మూసేశారు, ఆ స్థాయి చలికి నిలబడే మొక్క ఇది. మంచు దుప్పటి పైన ఉంటే ఇంకా సుఖంగా ఉంటుంది. అక్టోబర్ మొదటివారంలో మంచు కాటుకి సొరపాదు నల్లబడిపోయిన మర్నాడు తీగలు కత్తిరించేసి, వేళ్ళు పీక్కుండా అలాగే మట్టిలో వదిలేసి, రేక్‌తో పైపైన గీసి, 100 చదరపు అడుగులకి పావు పౌను నుంచి అర పౌను దాకా రై చల్లి మళ్ళీ ఓసారి గీకితే చాలు. లేటు అయ్యేకొద్దీ గింజ కొంచెం ఎక్కువ వెయ్యండి. మంచు పడేలోపు వేలెడంత పచ్చగా లేస్తుంది, అంతే, దాన్ని చూసి నిరాశ పడకండి, దాని పనంతా ఏప్రిల్‌లో.

మంచు కరిగి, ఇంకా చెట్లన్నీ మోడులుగా ఉన్నప్పుడే ఇది లేచి పెరగడం మొదలెడుతుంది. సన్నటి పీచు వేళ్ళు మట్టి నిండా అల్లుకుపోతాయి, ఒక దుబ్బు పీకి చూస్తే మట్టి వేళ్ళకి చిన్న చిన్న గుళికలుగా పట్టుకుని వస్తుంది. కొన్నేళ్ళ కిందట పార దిగని మడి మాది, ఇప్పుడు చేత్తో తవ్వి టమాటా నారు పెడుతున్నా. ఇంకో మేలు, మనం వేసిన ఎరువులో మిగిలిపోయిన నత్రజనిని ఇది పట్టేసుకుని దాచి పెడుతుంది, లేకపోతే అది నైట్రేట్ రూపంలో కిందకి దిగి భూగర్భజలంలో కలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు, ఆగ్నేయ మిన్నెసోటాలో 8 కౌంటీల్లో బావుల నీళ్ళలో నైట్రేట్ గురించి వెంటనే ఏదో ఒకటి చెయ్యమని 2023 నవంబర్‌లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ రాష్ట్ర ప్రభుత్వానికి లెటర్ రాసింది. అది మన పెరళ్ళ వల్ల వచ్చింది కాదు, పెద్ద పెద్ద పొలాల సంగతి, కానీ మన మడిలో నత్రజని మన మడిలోనే ఉండాలని అనుకోవడంలో తప్పేముంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రైని వసంతంలో ఎప్పుడు ఆపుతున్నారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. లేతగా, అడుగు లోపు ఎత్తులో ఉన్నప్పుడు దానిలో కార్బన్, నత్రజని నిష్పత్తి 26కి 1 ఉంటుంది, మట్టిలో సూక్ష్మజీవులకి సరిపోయే తిండి 24కి 1, అంటే దాదాపు సరిపోతుంది, హాయిగా తినేస్తాయి. అదే పూతకొచ్చేదాకా వదిలేస్తే 37కి 1, గింజ ముదిరి గడ్డి అయిపోతే 82కి 1. అలా ముదిరింది మట్టిలో కలిపితే ఆ సూక్ష్మజీవులు దాన్ని తినడానికి కావాల్సిన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి, అప్పుడు మనం పెట్టిన వంగ మొక్క పసుపుపచ్చగా అయిపోయి అలా నిలబడిపోతుంది, ఎందుకో అర్థం కాక మనం ఇంకో ఎరువు కొంటాం. కాబట్టి మే మొదటివారం, ఎనిమిది పది అంగుళాలు ఉన్నప్పుడే పని కానిచ్చెయ్యండి. ఊరికే పైన కోస్తే మళ్ళీ లేస్తుంది, అది గడ్డి జాతి కదా. కోసి పారతో తిరగెయ్యొచ్చు, నేను మాత్రం తవ్వను, నేల దగ్గరికి కోసేసి ఆ కోసింది అక్కడే పరిచి పైన నల్ల టార్ప్ కప్పి చుట్టూ ఇటుకలు పెడతా. మూడు వారాలు, చలిగా ఉంటే నాలుగు. వెలుతురు లేక చచ్చిపోతుంది, కింద మట్టి కూడా కాస్త వేడెక్కుతుంది. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే నాటికి టార్ప్ తీస్తే వేళ్ళన్నీ మట్టిలోనే ఉంటాయి, సన్నటి దారులు వదిలేసి కుళ్ళిపోతుంటాయి, ఆ దారుల్లోంచే మన మొక్క వేరు దిగుతుంది.

ఇంకో సంగతి మన ఆకుకూరలకి చాలా ముఖ్యం. రై కుళ్ళేటప్పుడు వదిలే పదార్థాలు చిన్న గింజల్ని మొలవనివ్వవు. కలుపు తగ్గడానికి అది వరమే, కానీ తోటకూర, చుక్కకూర, మెంతి, కొత్తిమీర ఇవన్నీ గింజ చల్లి పెంచేవేగా, వీటి మీద కూడా అదే ప్రభావం పడుతుంది. అలాగే పచ్చి రొట్ట కలిపిన మట్టిలో వెంటనే చిక్కుడు, గోరుచిక్కుడు గింజలు పెడితే ఒకరకం ఈగ వచ్చి గుడ్లు పెట్టి, పురుగులు గింజల్ని మట్టిలోనే తినేస్తాయి, కనీసం రెండు మూడు వారాలు ఆగాలి. ఇంట్లో కుండీల్లో పెంచిన టమాటా, మిర్చి, వంగ, సొర నారుకి మాత్రం రై వల్ల పెద్దగా ఏమీ కాదు. అందుకే నా పద్ధతి, నారు నాటే మడులకే రై. గింజ చల్లే ఆకుకూరల మడులకి రై జోలికే వెళ్ళను.

మరి ఆకుకూరల మడికి ఏంటంటే ఓట్స్, బఠాణీ. ఇది చలికి చచ్చిపోయే జత, చావడమే దీని గుణం. తోటకూర, పాలకూర ఆగస్టుకి ఎలాగూ గింజ కట్టి ముదిరిపోతాయి కదా, ఆగస్టు 15 నుంచి 30 లోపు ఆ మడి ఖాళీ చేసి ఓట్స్, ఫీల్డ్ పీస్ కలిపి చల్లండి, 100 చదరపు అడుగులకి రెండూ కలిపి ముప్పావు పౌను అయినా చాలు. అక్టోబర్‌కి మోకాలు ఎత్తు పెరుగుతాయి, బఠాణీ తీగ ఓట్స్ ని పట్టుకుని పాకుతుంది, ఆ లేత చివుళ్ళు తుంచి పప్పులో వేసుకుంటే భలే ఉంటుంది, మా ఇంట్లో దానికోసమే ఎదురుచూస్తారు. నవంబర్‌లో 20 డిగ్రీల కంటే కిందకి పడేసరికి రెండూ వాలిపోతాయి, మడి మీద చాపలా పరుచుకుపోతాయి, పైన మంచు పడుతుంది. ఏప్రిల్‌లో చూస్తే ఎండుగడ్డి పొర, దాన్ని పక్కకి లాగేసి మెంతులు, కొత్తిమీర చల్లేసుకోవడమే. తవ్వక్కర్లేదు, టార్ప్ అక్కర్లేదు, ఎదురుచూడక్కర్లేదు. మొదటిసారి చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తా. ఓట్స్ కోసం ఫ్యాన్సీ ప్యాకెట్లు కొనక్కర్లేదు, గుర్రాలకి అమ్మే పొట్టుతో ఉన్న గింజలు మొలుస్తాయి, కాకపోతే కలుపు గింజలు కలిసి ఉండొచ్చు, చూసి తీసుకోండి.

బఠాణీకి, వెచ్ అనే తీగకి (దాని సంగతి కింద చెప్తా), ఇలాంటి కాయజాతి విత్తనాలకి రైజోబియం పొడి, అంటే వేళ్ళలో చేరి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా, పట్టించడం మర్చిపోవద్దు, కొత్త కాలనీ మట్టిలో ఆ బాక్టీరియా ఉంటుందన్న గ్యారంటీ లేదు. బఠాణీకీ వెచ్ కీ ఒకటే పొడి సరిపోతుంది, క్లోవర్‌కి మాత్రం వేరేది. ప్యాకెట్ మీద డేట్ చూసి కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అక్టోబర్‌లో ఒక మొక్క జాగ్రత్తగా పీకి వేరు చూడండి, బుడిపెలు ఉంటే ఒకటి గోటితో చీల్చండి, లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పని జరుగుతున్నట్టే.

డైకాన్ ముల్లంగి కూడా బాగా అమ్ముతున్నారు, గట్టి నేలని చీల్చుకుని దిగుతుంది, చలికి చచ్చి కుళ్ళి అక్కడ గొయ్యి వదుల్తుంది. ఆగస్టులోనే వెయ్యాలి, లేటైతే గడ్డ ఊరదు. పల్చగా చల్లండి. మార్చి ఏప్రిల్‌లో అవి కరిగి కుళ్ళేటప్పుడు గ్యాస్ లీకయినట్టు కంపు కొడుతుంది, పక్కింటి కిటికీ దగ్గర మడిలో వద్దు.

ఇక మిర్చి, టమాటా, వంగ మడుల్లో ఏం చెయ్యాలి, అవి అక్టోబర్ దాకా ఖాళీ అవ్వవుగా. ఇక్కడే మా ఊరి పద్ధతి పనికొచ్చింది. కృష్ణా డెల్టాలో మాగాణి మినుము ఎలా వేస్తారో తెలిసిన వాళ్ళకి వెంటనే వెలుగుతుంది. వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, ఆ తడిలో మినుములు చల్లేస్తారు, వరి కోసేసరికి కింద మొలక రెడీగా ఉంటుంది, వేరే దుక్కి లేదు, వేరే నీళ్ళు లేవు. అచ్చం అదే ఇక్కడ చెయ్యొచ్చు. సెప్టెంబర్ మొదటివారంలో మిర్చి, టమాటా, వంగ మొక్కల కింది ఆకులు కాస్త తీసేసి, మొదళ్ళ మధ్య రేక్ తో గీసి, రై, హెయిరీ వెచ్ కలిపి చల్లి, వాన వచ్చేముందు రోజైతే మరీ మంచిది, లేదా వారం రోజులు తడుపుతూ ఉండండి. పై మొక్కల నీడలో నెమ్మదిగా లేస్తాయి, మంచు కాటుకి పైవి పోగానే వీటికి వెలుతురు దొరుకుతుంది. కాయలు కోసేటప్పుడు కొన్ని తొక్కుతాం, పర్వాలేదు. దట్టంగా కమ్ముకున్న సొరపందిరి కింద మాత్రం నీడ ఎక్కువై సరిగా రాదు, అక్కడ ముందు చెప్పినట్టు అక్టోబర్‌లో ఒట్టి రైనే.

ఈ వెచ్ గురించి రెండు మాటలు. మన జీలుగకి ఇక్కడ సమానమైనది ఏదంటే నేను దీన్నే చూపిస్తా, బాగా పెరిగితే ఎకరాకి 90 నుంచి 200 పౌన్ల నత్రజని ఇస్తుందని చెప్తారు, దాని కార్బన్, నత్రజని నిష్పత్తి 11కి 1, అంటే చాలా తొందరగా కుళ్ళిపోతుంది. రైతో కలిపితే రై గట్టిదనానికి ఇది విరుగుడు, దీని తీగకి రై ఊతం. కానీ ఆ నత్రజనిలో ఎక్కువ భాగం మే నెలలో పెరిగేటప్పుడే వస్తుంది, ఏప్రిల్ చివర కోసేస్తే పెద్దగా ఏమీ రాదు. అందుకే వచ్చే ఏడాది జూన్ మొదట్లో సొర, బీర, కాకర, దోస పెట్టబోయే మడులకి వెచ్ పాలు ఎక్కువ, రై తక్కువ, మే 20 దాకా పెరగనిచ్చి కోస్తా. 100 చదరపు అడుగులకి వెచ్ గింజ ఒకటి రెండు ఔన్సులు చాలు. గింజ కట్టనివ్వకండి, కొన్ని గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి మొలుస్తూనే ఉంటాయి. ఎర్రటి పూల క్రిమ్సన్ క్లోవర్ ఫొటోలు చూసి చాలామంది అడుగుతారు, అది మన జోన్‌లో చలికాలం దాటడం కష్టం, వేస్తే ఓట్స్ లాగా చచ్చేదనుకునే వెయ్యాలి.

పోయిన వసంతంలో మా వీధిలో ఉండే ఒక ఆంటీ వాకింగ్‌కి వెళ్తూ ఆగి "ఏంటమ్మా, కూరగాయలు వేసుకునే చోట గడ్డి పెంచుతున్నావ్, పీకెయ్యవా" అన్నారు. "ఇంకో రెండు వారాలు ఆగండి ఆంటీ, అప్పుడు రండి" అన్నా. జూన్‌లో వచ్చారు, పెద్ద వాన పడిన మర్నాడు, వాళ్ళ మడిలో నీళ్ళు నిలబడి ఉన్నాయట, మా మడిలో వేలు పెట్టి చూశారు, వేలు మొత్తం దిగింది. ఈ సెప్టెంబర్‌లో ఆవిడ నాకంటే ముందే రై గింజలు తెప్పించుకున్నారు.

కమ్యూనిటీ గార్డెన్లో ప్లాట్ తీసుకున్నవాళ్ళు ఒకటి కనుక్కోండి, చాలాచోట్ల అక్టోబర్ చివర్లో మొత్తం ట్రాక్టర్‌తో దున్నేస్తారు, అలాంటప్పుడు రై వేసి లాభం లేదు. దున్నకుండా వదిలే ప్లాట్లు వేరేగా ఉన్నాయేమో అడగండి, కొందరు అడిగితే ఇస్తారు.

అన్నిటికంటే మంచి మడి వెల్లుల్లి మడి అని నాకు ఈమధ్యే అనిపిస్తోంది. అక్టోబర్‌లో పెట్టిన వెల్లుల్లి జూలై మధ్యకి తవ్వేస్తాం, అప్పటినుంచి మంచు కాటు దాకా దాదాపు పన్నెండు వారాల మంచి ఎండ ఖాళీగా దొరుకుతుంది. ఇన్నాళ్ళూ అక్కడ బక్‌వీట్ వేస్తున్నా, నెల తిరిగేసరికి తెల్లగా పూస్తుంది, తేనెటీగలు పొద్దున్నే ముసురుతాయి, గింజ కట్టకముందే కోసేసి ఓట్స్ చల్లేస్తా. వచ్చే జూలైలో అందులో సగం మడికి జనుము వేద్దామనుకుంటున్నా, ఇక్కడ కూడా విత్తనాలు అమ్ముతున్నారు, ఎండ ఉన్నన్నాళ్ళూ ఏపుగా పెరిగి మొదటి మంచుకే చస్తుంది కాబట్టి వసంతంలో దానితో పనేమీ ఉండదు. పూతదాకా వస్తుందో లేదో, రాకపోయినా ఆకు, వేరు వచ్చినా చాలు. ఇక్కడ ఎవరైనా ఇప్పటికే జనుము వేసి ఉంటే ఎప్పుడు చల్లారో, ఎంత ఎత్తు వచ్చిందో రాయండి, నేను విత్తనం ఆర్డర్ పెట్టేలోపు తెలిస్తే బావుంటుంది.